క్యూ ఆపి చేసుకునేది దర్శనమా?

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీలో మంత్రిగారి ఆలయ సందర్శన ఫొటో చూశాను. పూర్ణకుంభం, మెడలో శేషవస్త్రం, చుట్టూ పాతికమంది అనుచరులు. ‘భక్తిశ్రద్ధలతో పూజలు చేశారు’ అని రాశారు. ఆ పొద్దున అదే గుడి క్యూలో మా అమ్మతో నేనూ ఉన్నాను. ఫొటోలో పడనిది చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

కాన్వాయ్ ఊళ్లోకి రాకముందే మాకు తాడు కట్టేశారు. పైన రేకుల షెడ్డు, కింద ఉక్కపోత. మంచినీళ్ల కుళాయి తాడుకు అవతల ఉంది. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె సీసాలో నీళ్లు పట్టుకొస్తానంటే కానిస్టేబుల్ ‘ప్రోటోకాల్ అమ్మా, పైవాళ్లు తిడతారు’ అన్నాడు. అతన్ని అని లాభం లేదు. మంత్రిగారి అర్చన, ఆశీర్వచనం, మీడియాతో మాటలు అన్నీ తీరిగ్గా అయ్యాయి. మా వంతు వచ్చేసరికి ‘జరగండి జరగండి’ అని భుజం పట్టి నెట్టారు. మా అమ్మ స్వామిని సరిగ్గా చూడనే లేదు.

తిరుమలలో మహాద్వారం దాటగానే శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలు కనిపిస్తాయి. ముగ్గురూ చేతులు జోడించే ఉంటారు. ఉదయగిరి, కొండవీడు గెలిచిన చక్రవర్తి ఆ గుడిలో దణ్ణం పెడుతూ నిలబడ్డాడు. పూరీ రథయాత్రలో గజపతి మహారాజు బంగారు పిడి చీపురుతో రథాలు ఊడవడం ఇప్పటికీ ఆచారం. తన పైన ఒకడున్నాడని నిజంగా నమ్మేవాడు వెనకున్న భక్తులకు అడ్డం రాడు. దేవుణ్ణి నమ్మని పుచ్చలపల్లి సుందరయ్య గారు కూడా పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారు. ఆయనకు ప్రజలంటే గౌరవం. ఇప్పుడు చోటా నాయకుడి కారుకూ సైరనే. ఎవరో వస్తున్నారంటే బడిపిల్లల్ని ఎండలో నిలబెట్టి పూలు చల్లిస్తున్నారు.

ఇక అధికారులు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఆ తర్వాత పరామర్శలు, విచారణలు జరిగాయి. వీఐపీ వస్తున్నాడంటే పడే హడావిడిలో పదో వంతు సామాన్యుల క్యూ మీద పెడితే చాలు.

దేవాదాయ శాఖ వారు వీఐపీలకు తెల్లవారుజామున ఒక సమయం కేటాయించి, ఆ తర్వాత ఎవరొచ్చినా క్యూ ఆపేది లేదని గేటు దగ్గర బోర్డు పెట్టాలి. మీరు కూడా ఇకపై ఇలాంటి ఫొటో వేస్తే, ఆ రోజు క్యూ ఎంతసేపు ఆపారో కింద ఒక లైను రాయండి.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం