బోల్టు బిగింపుకూ ఒక కొలత ఉంది: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నేను శ్రీకాకుళం పట్టణ శివారులో, 16వ నంబరు జాతీయ రహదారికి కూతవేటు దూరంలో, ఇరవై రెండేళ్లుగా టింకరింగ్ షెడ్డు నడుపుతున్నాను. గుద్దుకున్న కార్లు, జీపులు, ట్యాక్సీలు మా దగ్గరకు వస్తాయి. సొట్టలు తీసి, పాడైన రేకు మార్చి, రంగు వేసి, తలుపులూ బానెట్టూ సీట్లూ తిరిగి బిగించి పంపుతాం. రంగులో కాస్త తేడా వస్తే బండి యజమాని అక్కడికక్కడే పోట్లాడతాడు గానీ, బోల్టు ఎంత బిగించారని ఇన్నేళ్లలో నన్ను అడిగినవారు ఒక్కరూ లేరు. కంటికి కనిపించని ఆ బిగింపు గురించే మీకు ఈ లేఖ రాస్తున్నాను.

మా వీధిలోని కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. పెట్రోలు బంకులో పోసే లీటరుకూ ముద్ర ఉంది. వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారులో మనిషి కూర్చున్న సీటును నేలకు పట్టి ఉంచే బోల్టును మాత్రం మేస్త్రీ మోచేతి బలంతోనే కొలుస్తున్నాం. ఆ మేస్త్రీ ఉదయం టీ తాగి బిగించిన బోల్టూ, సాయంత్రం చేతులు పడిపోయాక బిగించిన బోల్టూ ఒకటి కావు.

ఎంత గట్టిగా తిప్పితే అంత గట్టిగా పట్టుకుంటుందనే నమ్మకం మా వృత్తిలో తరతరాలుగా ఉంది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివిన నేను కూడా షెడ్డులో అడుగుపెట్టాక ఆ నమ్మకంలోనే పడిపోయాను. నిజానికి బోల్టు ఒక స్ప్రింగు లాంటిది. నట్టు తిప్పినకొద్దీ అది వెంట్రుకవాసి సాగుతుంది, సాగినది తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది, ఆ ముడుచుకునే గుణమే రెండు రేకులను కలిపి నొక్కి ఉంచుతుంది. మనం పానా మీద పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింది రాపిడికే పోతుంది, మరో నలభై శాతం బోల్టు మర గాడుల మధ్య రాపిడికి పోతుంది, పదో వంతు మాత్రమే అసలు పట్టుగా మిగులుతుంది. అందుకే మరలో తుప్పూ మట్టీ ఉంటే అదే బలానికి పట్టు తగ్గుతుంది, నూనె రాస్తే పెరుగుతుంది. కంపెనీ పొడి మరకు చెప్పిన కొలతను నూనె రాసిన మరకు వాడితే పట్టు మూడో వంతు దాకా పెరిగిపోవచ్చు, అంటే కొలత తెలిసినవాడు కూడా మర శుభ్రం చేయకపోతే తప్పు చేస్తాడు.

బోల్టు ఎంత బలమైనదో చెప్పే అంకె దాని తల మీద అచ్చు వేసి ఉంటుంది. అలా 8.8 అని ఉన్న 10 మిల్లీమీటర్ల బోల్టును మామూలుగా సుమారు 49 న్యూటన్ మీటర్లకు బిగిస్తారు. అర మీటరు పొడవున్న పానాను అడ్డంగా పెట్టి, దాని చివర పది కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే బోల్టు మీద పడేది ఆ బలమే. ఆ పది కిలోలకు బదులుగా బోల్టు దాదాపు రెండున్నర టన్నుల పట్టు ఇస్తుంది. మా షెడ్లలో పానాకు ఇనుప గొట్టం తొడిగి దాని పొడవును మీటరు చేసే అలవాటు ఉంది. అదే మనిషి అదే బలంతో లాగినా బోల్టు మీద పడేది రెట్టింపవుతుంది, ఆ దెబ్బకు అది స్ప్రింగులా ముడుచుకునే హద్దు దాటి మైనంలా సాగిపోతుంది. చేతికి మాత్రం అది ఇంకా బిగుస్తున్నట్టే తెలుస్తుంది. తల మీద 10.9 అని ఉన్న బోల్టుకు కొలత వేరు. ఏ అచ్చూ లేని బజారు బోల్టు ఎంతకు తట్టుకుంటుందో చెప్పే ఆధారమే లేదు.

ఈ సంగతి నాకు పుస్తకం నేర్పలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరిని, జీడిమామిడిని నేలమట్టం చేసినప్పుడు, ఆ చెట్ల కింద నలిగిన బండ్లు నెలల తరబడి మా షెడ్డుకు వచ్చాయి. వాటిలో మందస వైపు నుంచి వచ్చిన ఒక జీపు ఉంది. ఛాసిస్ అనే కింది ఇనుప చట్రం మీద బాడీని విడిగా కూర్చోబెట్టి, మధ్యలో రబ్బరు బుష్‌లు పెట్టి, పొడవాటి బోల్టులతో బిగించే రకం బండి అది. బాడీ ఎత్తి, వంగిన చోట సరిచేసి, తిరిగి దింపాక పాత బోల్టులకే నూనె రాసి, పానాకు గొట్టం తొడిగి నేనే బిగించాను. పక్కన సాయం పట్టిన కుర్రాడిది ఇందులో ఏ తప్పూ లేదు.

ఏడు నెలలకు ఆ జీపు తిరిగి వచ్చింది. "మేస్త్రీ, బండి ఎక్కినకాడి నుంచీ కింద టక్కుటక్కుమంటంది, ఏటో సూడు" అన్నాడు దాని యజమాని. కింద దూరి చూస్తే వెనక కుడివైపు బోల్టు తల నా అరచేతిలోకి రాలింది. విరిగిన ముఖాన్ని కిరసనాయిలుతో కడిగి వెలుతురులో పెట్టి చూశాను. ఒక అంచు నుంచి ముప్పాతిక దాకా నల్లగా, గవ్వ వీపు మీద ఉండే వంపు గీతల్లాంటి గీతలతో నున్నగా ఉంది, మిగిలిన పాతిక భాగం గరుకుగా, తళతళలాడుతూ ఉంది. ఆ బోల్టు ఒక్క దెబ్బకు విరగలేదు. నేను మితిమీరి సాగదీసినందుకు పట్టు వదిలి, ప్రతి గతుకుకూ కొంచెం కొంచెంగా చీలుతూ పోయి, చివరి పాతిక భాగం ఆ వారంలో ఎప్పుడో పుటుక్కుమంది. రబ్బరు బుష్ మధ్యలో ఉండే ఇనుప గొట్టం తుప్పు పట్టి నలిగిపోవడం నేను బిగించే రోజు గమనించనే లేదు, ఆ గొట్టం గట్టిగా ఉంటేనే బోల్టు బిగింపు నిలుస్తుంది. ఆ ఏడు నెలలూ ఆయన అదే జీపులో ఊరి పిల్లలను బడికి దింపుతున్నాడని తరువాత తెలిసింది.

ఆ మరునాడు విశాఖపట్నం వెళ్లి 4,200 రూపాయలకు టార్క్ రెంచి కొన్నాను. కావలసిన అంకె పిడి మీద పెట్టి తిప్పితే, ఆ బలం చేరగానే టిక్కుమని చేతికి చెబుతుంది. "టిక్కుమంటే ఆపేయడమేనా గురువుగారూ, ఇంకా తిరుగుతంది కదా" అని మా కుర్రాళ్లు నవ్వారు. వారి చేత ఆపించడానికి నాకు నెల పట్టింది. రెంచి తెచ్చిన రోజునే, నేను ముందు వారం చేతితో బిగించిన ఒక కారులో ఒకే రకం బోల్టులు పదింటిని దానితో చూశాను. వాటిలో మూడు బోల్టులు పావు చుట్టు తిరిగాక గానీ టిక్కుమనలేదు, మిగిలిన ఏడు కదలకుండానే టిక్కుమన్నాయి. ఆ ఏడింటిలో సరిగ్గా బిగిసినవి ఏవో, మితిమీరి సాగినవి ఏవో రెంచి చెప్పలేదు కనుక అన్నీ విప్పి, కొత్తవి వేసి, మొదటి నుంచీ బిగించాల్సి వచ్చింది. పదిహేనేళ్ల అనుభవం అని నేను చెప్పుకుంటున్న దాని విలువ ఆ పూట తేలింది.

ప్రమాదం జరిగిన బండ్లకే ఈ గొడవ అనుకోవద్దు. సీటు కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు వేసే కొట్లలో ముందు సీట్లు మొత్తం విప్పి తీస్తారు. సీటు బెల్టు కొస నేలకు దిగే బోల్టునూ కొందరు విప్పుతారు. ప్రమాదంలో మనిషి బరువును ఒక్క క్షణంలో పట్టి ఆపాల్సిన బోల్టుల్లో అదొకటి. దానిని గాలి ఒత్తిడితో బోల్టు తిప్పే ఎయిర్ గన్‌తో ఒక్క మోత మోగించి అరగంటలో బండి అప్పగిస్తారు. గన్ దెబ్బకు రేకు లోపల వెల్డు చేసి ఉన్న నట్టు ఊడిపోతే బోల్టు గిర్రున తిరుగుతుందే గాని బిగియదు. అప్పుడు బోల్టు తలనే రేకుకు వెల్డు పెట్టి, పైన మ్యాటు పరిచి పంపేసిన బండ్లు నా దగ్గరకు వచ్చాయి.

మా జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు తిరిగే బండ్ల కింద భాగాన్ని ఉప్పుగాలి నాలుగైదేళ్లలోనే తినేస్తుంది. అలాంటి పాత బోల్టునూ పాత బుష్‌నూ మళ్లీ వాడకూడదని ఎవరైనా ఒప్పుకుంటారు, కానీ డబ్బు దగ్గర మాట మారుతుంది. జీరో డిప్రిసియేషన్ పాలసీ లేని బండికి బీమా సర్వేయరు రబ్బరు, ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతం తరుగు కింద కోత వేస్తారు. ఆ సగం తన జేబు నుంచి పెట్టాల్సిన యజమాని "పాత బుష్‌లే వెయ్యండి, బాగానే ఉన్నాయి కదా" అంటాడు. ఆయనను తప్పుపట్టలేను, కొత్త బంపరు నలుగురికీ కనిపిస్తుంది, బుష్ ఎవరికీ కనిపించదు.

ఇక మీ శాఖ విషయానికి వస్తాను. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 56వ సెక్షను కింద రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకొకసారి, ఆ పైన ఏటా ఫిట్‌నెస్ పత్రం తీసుకోవాలి. అక్కడ బ్రేకులు, హెడ్‌లైట్లు, పొగ, స్పీడోమీటరు చూస్తారు, బోల్టు బిగింపును కొలవరు. సొంత కారును పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు ముగిసేదాకా ఆ పరీక్షకు ఎవరూ రమ్మనరు. ప్రమాదం పోలీసు కేసు అయితే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు గారు బండిని తనిఖీ చేసి నివేదిక ఇస్తారు, కానీ ఆ తనిఖీ బండి నుజ్జయి ఉన్నప్పుడు జరుగుతుంది. దాన్ని మాలాంటివాళ్లం బాగుచేసి తిరిగి రోడ్డెక్కించే రోజున ఎవరూ చూడరు. అసలు చూడవలసింది ఆ రోజే కదా అని నా సందేహం.

అన్ని బోల్టులనూ ప్రభుత్వం కొలవాలని నేను అడగడం లేదు. సీటు, సీటు బెల్టు, బాడీ మౌంటింగ్ (బాడీని ఛాసిస్‌కు బిగించే చోటు), తలుపు కబ్జా, ఈ నాలుగు చోట్ల బోల్టు విప్పి బిగించిన ప్రతి షెడ్డూ, ఏ బోల్టును ఎంత కొలతకు బిగించారో, పాతదా కొత్తదా అన్నది బిల్లు మీదే రాసి సంతకం చేసి ఇవ్వాలని ఒక ఉత్తర్వు ఇప్పించండి. నా షెడ్డులో ఇప్పటికే అలా రాస్తున్నాం, బండికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. ప్రమాదం తరువాత బాగుచేసిన బండికి బీమా సొమ్ము ఇచ్చే ముందు సర్వేయరు ఆ కాగితం అడిగేలా బీమా వారితో మీ శాఖ మాట్లాడితే, ఉత్తర్వు కంటే అదే ఎక్కువ పని చేస్తుందని నా అనుభవం చెబుతోంది.

రెండవది, రెంచిని పరీక్షించే చోటు. కాటా లాగే టార్క్ రెంచి కూడా వాడినకొద్దీ తప్పు చెప్పడం మొదలుపెడుతుంది. ఏడాదికి ఒకసారి గాని, 5,000 సార్లు వాడాక గాని పరీక్షించాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. పని అయ్యాక పిడిని కనిష్ఠ అంకెకు తిప్పి ఉంచకపోతే లోపలి స్ప్రింగు ఇంకా త్వరగా అలసిపోతుంది. ఆ పరీక్ష కోసం నేను రెంచిని విశాఖపట్నం తీసుకెళ్లి ఒక రోజు పని పోగొట్టుకుంటున్నాను. ఆర్టీసీకి విజయనగరంలో జోనల్ వర్క్‌షాపు ఉంది. నెలకు ఒక్క రోజు అక్కడ నామమాత్రపు రుసుముకు ప్రైవేటు షెడ్ల రెంచీలను పరీక్షించి ముద్ర వేసే ఏర్పాటు చేయిస్తే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల షెడ్లకే కాక, లారీలకు పేరుపొంది ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సాలూరు మేస్త్రీలకూ ఉపయోగపడుతుంది. తూనికలు కొలతల శాఖ మీ పరిధిలోది కాదని తెలుసు, ఆర్టీసీ మాత్రం మీదే.

మూడవది చిన్నది. కేంద్రం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల వారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఇస్తున్నారు. తాళాలు బాగుచేసేవారు, కమ్మరులు అందులో ఉన్నారు, మోటారు మెకానిక్ లేడు. రోడ్డు పక్క షెడ్డులో రోజుకు ఐదారు వందలకు పనిచేసే మేస్త్రీ నాలుగు వేలు పెట్టి రెంచి కొనడు. రాష్ట్రం తరఫున సగం ధరకైనా ఇప్పించి, ఐటీఐలో ఒక పూట శిక్షణ పెట్టించి, ఎక్కువగా తిరిగే బండ్ల బిగింపు కొలతలను కంపెనీల నుంచి తెప్పించి తెలుగులో ఒక గోడ పట్టికగా అచ్చు వేయించండి. ఇప్పుడు ఆ అంకెలు కంపెనీ సర్వీసు మాన్యువళ్లలో ఇంగ్లీషులో ఉన్నాయి. నా షెడ్డు గోడ మీద ఉన్నవి నేను ఒక్కొక్కటిగా వెతికి, రంగు కుంచెతో రాసుకున్నవి. పక్క షెడ్ల వాళ్లు వచ్చి ఫోనుతో ఫోటో తీసుకుని వెళుతుంటారు. ఆ అంకెల్లో నేను ఒక్కటి తప్పు రాసి ఉంటే ఆ తప్పు ఇప్పటికి ఎన్ని బండ్లలోకి వెళ్లి ఉంటుందోనని నాకు భయం.

విరిగిన ఆ జీపు బోల్టును సీసాలో నూనెలో వేసి షెడ్డులో ఉంచాను. మీరు గాని, మీ శాఖ అధికారులు గాని శ్రీకాకుళం వచ్చినప్పుడు చూపించగలను. నా రెంచికి ఏడాది గడువు సంక్రాంతి వెళ్లాక ముగుస్తుంది. అప్పటికి విజయనగరంలో ఏర్పాటు జరిగితే అక్కడికే తీసుకువెళతాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక టింకరింగ్ షెడ్డు యజమాని,
శ్రీకాకుళం.