కంద చేనుకు లోతు దుక్కి, ఎరువు కలిపి ఇవ్వండి: వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తెనాలి చుట్టుపక్కల కంద వేసే కౌలు రైతుల్లో ఒకడిగా రాస్తున్నాను. ధర గురించి కాదు, ఆ అర్జీలు మీకు చాలానే వస్తుంటాయి. నా బాధ నేల గురించి.

కొవ్వూరు పరిశోధన స్థానం ఇచ్చిన గజేంద్ర రకం హెక్టారుకు 40-50 టన్నులు పండగలదు. కానీ అదే విత్తనం పక్కపక్క చేలల్లో ఒకచోట బాగా ఊరుతుంది, ఇంకోచోట గిడసబారుతుంది. కందలో పాత దుంప కరిగిపోతూ దానిపైన కొత్తది పుట్టి పక్కలకూ కిందికీ పెరుగుతుంది. ఏళ్ల తరబడి వరికి దమ్ము చేసిన పొలంలో దానికి చోటెక్కడిది? అడుగున గట్టిపొర ఉంటుంది. రోటవేటర్ పైన నాలుగైదు అంగుళాలు పొడిపొడి చేస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, ఆ పొర జోలికి మాత్రం పోదు. వానొస్తే నీళ్లు అక్కడే నిలిచి మొదలు కుళ్లు తెగులు పట్టుకుంటుంది. మూడడుగుల ఎడంలో అరకిలో ముక్కలు పెట్టినా ఎకరానికి దాదాపు రెండున్నర టన్నుల విత్తనం కావాలి. అంత పెట్టుబడి మట్టిలో కుళ్లిపోతుంటే టెన్షన్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలున్నాయి. నత్రజని, పొటాష్, జింకు, సేంద్రియ కర్బనం అన్నీ చూస్తారు. నేల ఎంత బిగుసుకుపోయిందో చెప్పే గడి మాత్రం లేదు.

ప్రపంచంలో పెండలం జాతి దుంపలు ఎక్కువగా పండించే నైజీరియాలో రైతులు పైమట్టిని గుట్టలుగా పోగేసి నాటుతారు. గుట్ట వల్ల నేల గుల్లబారుతుంది, సారమున్న మట్టి కూడా దుంప చుట్టూ చేరుతుంది. అంటే దుక్కి, ఎరువు అక్కడ ఒకే పని. మన దగ్గర రెండూ వేరు పథకాలు, వేరు ఫైళ్లు.

ఇందులో కౌలు సంగతీ ఉంది. 2019 చట్టం కింద మాకిచ్చే సాగు హక్కు పత్రం గడువు 11 నెలలు. కంద ఒక్కటే ఎనిమిది, తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది. ఎకరానికి పది టన్నుల పశువుల ఎరువు తోలమంటారు శాస్త్రవేత్తలు. దాని ఫలం మూడేళ్లు ఉంటుంది, నేను ఏడాదే ఉంటాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని, యజమానే పట్టించుకోని పొలంలో కౌలుదారు యూరియా చల్లి సరిపెట్టుకుంటాడు. తప్పంటారా?

కంద సాగుచేసే మండలాల్లో రైతు సేవా కేంద్రాల ద్వారా లోతు దుక్కి యంత్రాలు అద్దెకిప్పించండి. అదే పొలానికి ఎరువు సాయం కూడా ముడిపెట్టండి, కౌలుదారు పేరు మీదే ఇవ్వండి. కంద మొలకెత్తడానికి నెల పైనే పడుతుంది కాబట్టి సాళ్ల మధ్య అలసంద గానీ జనుము గానీ చల్లి నెలన్నరకు పచ్చిరొట్ట ఎరువుగా కలియదున్నుకోవచ్చు. ఆ విత్తనం వరి సీజన్ చూసుకుని కాకుండా కంద నాటే రోజుల్లో అందాలి. లంక ఇసుక నేలలకు లోతు దుక్కి అవసరం తక్కువ, నల్లరేగడికి ఎక్కువ. ఏ నేలకు ఎంతో కొవ్వూరు వారితో రైతుల పొలాల్లోనే పరీక్షలు చేయించి చెప్పించండి.

గట్టిపొర నేల ఆరి ఉన్నప్పుడే పగులుతుంది, తడిలో తోలితే గాడి పడుతుందంతే. కాబట్టి యంత్రాలు తొలకరికి కాదు, వేసవి దుక్కుల నాటికే ఊళ్లకు రావాలి.

ఇట్లు,
ఒక కంద కౌలు రైతు