బీరువాలో ఉన్న డిస్కు

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నీకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్న మోకాలి నొప్పి అలాగే ఉంది, కాస్త నడవండీ అంటే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. పెరట్లో నిమ్మచెట్టు ఈ ఏడు విరగకాసింది. మొన్న శేషు వచ్చి గంటసేపు కూర్చుని వెళ్ళాడు. ఏదేదో చెప్పాడు, నేను పట్టించుకోలేదు. నువ్వు ఫోన్ ఎత్తక ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. పని ఎక్కువై ఉంటుందిలే అని సరిపెట్టుకుంటున్నాను. "బిజీ అమ్మా, తర్వాత చేస్తా" అని ఒక మెసేజ్ పెట్టావు. ఎప్పుడూ చివర పెట్టే నవ్వు బొమ్మ పెట్టలేదు.

నువ్వు పాటలు రికార్డు చేసి దాచే కంప్యూటరు డిస్కు ఒకటి టిక్కుటిక్కుమని చప్పుడు చేసి ఆగిపోయిందట, శేషు అన్నాడు. వాడి మాటల్లో సగం కొట్టెయ్యాలి. కానీ నిజమే అయితే, దాన్ని మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడకు. లోపల తిరిగే పళ్ళెం మీద వెంట్రుక మందం కూడా లేని ఎత్తులో, చదివీ రాసే హెడ్డు తేలుతూ ఉంటుందని నువ్వే చెప్పావు. అది గీసుకుపోతుంటే ఆన్ చేసిన ప్రతిసారీ మిగిలిందీ పోతుంది. మరలు విప్పకు. ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందని ఎవరైనా అంటే వినకు, ఫ్రిజ్‌లో పెరుగు పెట్టుకో. డేటా తీసిచ్చే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు. ఎంతడుగుతారో ముందే అడుగు. నా పోస్టాఫీసు డబ్బు ఉంది, మీ నాన్నకి చెప్పక్కర్లేదు.

పెద్దక్కయ్య కోడలికి నెలలు నిండుతున్నాయి. సీమంతానికి నువ్వు రాలేదని అందరూ అడిగారు.

దసరాకి వచ్చినప్పుడు వంటింటి గట్టు మీద కూర్చుని ఎంత బాగా చెప్పావే. సిస్టమ్ ఒక డిస్కులో, రికార్డింగులు రెండోదాంట్లో, వీణ, తబలా శాంపిళ్ళు, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన ముక్కలు, మూడోదాంట్లో. తిరిగే డిస్కుకి ఒకటే చెయ్యి, ఒక పక్క శాంపిలు చదువుతూ ఇంకో పక్క గొంతు రాయమంటే అటూ ఇటూ పరిగెత్తి తడబడుతుందన్నావు. తిరిగే పళ్ళెం లేని ఎస్ఎస్‌డీ డిస్కుకి ఆ చెయ్యే లేదు గనక ఇప్పుడంత పట్టింపు అక్కర్లేదనీ అన్నావు. వేగం సంగతి నాకు తెలియదు. సిస్టమ్ పాడై మొదట్నుంచీ ఎక్కించాల్సి వస్తే పాటల డిస్కు ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు, నాకది చాలు. అప్పుడే కాగితం మీద లెక్క కూడా వేశాం. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ నాణ్యతలో ఒక ట్రాకు, అంటే ఒక గొంతో వాద్యమో, నిమిషానికి ఎనిమిదిన్నర ఎంబీ పైచిలుకు. 24 ట్రాకులు, నాలుగు నిమిషాల పాట, ఒక్క టేకుకే, అంటే ఒకసారి పాడినదానికే, 830 ఎంబీ. ఆరు టేకులంటే 5 జీబీ. ఆ కాగితం ఇంకా క్యాలెండరుకి గుచ్చే ఉంది. ఇంత తెలిసినదానివి, పాటలన్నీ ఒకేచోట ఎందుకు పెట్టావు? రెండు డిస్కుల్లోనూ ఒకటే రాసే ఆ జంట డిస్కుల డబ్బా ఉంది కదా అనకు. ఒకటి చెడితే ఇంకోటి ఆదుకుంటుంది, నిజమే. చెయ్యి జారి చెరిపేస్తే రెండింట్లోనూ ఒకేసారి పోతుంది.

తిట్టడానికి రాయడం లేదు. నా సంగతి ఒకటి చెబుతాను, మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు. 1984. నేను రికార్డింగు టేపులు దాచే గదిలో పనికి చేరిన రెండో ఏడు. అప్పుడు టేపు ఖరీదు, అక్కర్లేని స్పూళ్ళు, అంటే టేపు చుట్టలు, చెరిపి మళ్ళీ వాడేవాళ్ళం. బల్క్ ఎరేజర్ అని బరువైన పెట్టె. దాని మీద స్పూలు పెట్టి, స్విచ్ నొక్కి, గుండ్రంగా తిప్పితే 1200 అడుగుల టేపు, అరగంట పాట, క్షణాల్లో ఊడ్చుకుపోయేది. ఆ రోజు పద్నాలుగు స్పూళ్ళు. ప్రతి డబ్బా మీదా ఎర్ర పెన్సిల్‌తో 'చెరపవచ్చు' అని ఉంది. చెరిపాను. నాలుగు రోజుల తర్వాత పల్నాటి నుంచి ఒక బుర్రకథ ఆయన వచ్చాడు. మా కథ ఒకసారి వినిపిస్తావా అమ్మాయ్, మా ఇంటిది వినలేదు అన్నాడు. ఆవిణ్ణి వెంట తెచ్చి బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టాడు. ఏ స్పూలు ఎక్కడుందో రాసి ఉండే కార్డు తీశాను. నంబరుంది, అర ఉంది, డబ్బా ఉంది. మూత తీస్తే లోపల వేరే స్పూలు. ఎవరో విని తిరిగి పెట్టేటప్పుడు డబ్బాలు మారాయి. స్పూలు మీద కూడా పేరు రాయాలి, అది నా పని. డబ్బా మీద ఉందిగా అని రాయలేదు. రేపు రండి అన్నాను. రేపొచ్చాడు. వెతికి పోస్టుకార్డు రాస్తానన్నాను. బస్సు టిక్కెట్టు వెనక అడ్రసు రాసిచ్చాడు. ఆవిడ ఆ రెండు రోజులూ చెట్టు కిందే కూర్చుంది, నేను వెనక గుమ్మంలోంచి ఇంటికి వెళ్ళాను. ఆ టిక్కెట్టు పదకొండు నెలలు నా పర్సులో తిరిగింది. చివరికి పోస్టుకార్డు రాశాను. జవాబు రాలేదు, కార్డు తిరిగీ రాలేదు.

నీ డిస్కులో పోయినవి నీ దగ్గర పాడిన ఆవిడ పాటలేనట కదా. ఆవిడకి చెప్పావా? నాకు చెప్పకపోతే పోనీ.

ప్రాజెక్టు ఫైలు మిగిలిందని సంబరపడకు. అది నా టేపుల గది కార్డు లాంటిదే, స్పూలు ఎక్కడుందో చెబుతుంది అంతే. ప్రతి పాటకీ దాని ఆడియో అంతా దాని ఫోల్డరులోకే కాపీ చేయించు. పేర్లు కూడా, నీ తెర మీద నా కళ్ళతో చూశాను: ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ ఇదే. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ, ఆ తర్వాత పాట పేరు. అప్పుడు అవే వరసలో నిలబడతాయి. నాలుగోసారి చెప్తున్నాను.

ఇంట్లో ఒక కాపీ ఉండాలని పోట్లాడి నీ చేత పెట్టించుకున్న డిస్కు బీరువాలో పట్టుచీరల కిందే ఉంది. అప్పుడు నవ్వావు. ఆవిడ పాడింది దసరాకి ముందా, తర్వాతా? చూద్దామని పక్కింటి కుర్రాడి చేత మన కంప్యూటరుకి పెట్టించాను. 'ఫార్మాట్ చేయాలి' అని అడిగింది. వాడు ఊఁ కొట్టబోయాడు, చెయ్యి పట్టి లాగేశాను. నీది మ్యాక్, మనది విండోస్, చదవలేక అలా అడిగిందట. చదవలేకపోతే చెరిపేస్తానంటుందా!

శుక్రవారం బాబాయి హైదరాబాదు వస్తున్నాడు. తువ్వాల్లో చుట్టి చేతిసంచీలో ఇస్తాను, కొరియర్‌లో వేయను. తగిలించగానే దాని మీదే పని మొదలుపెట్టకు, ముందు వేరే డిస్కులోకి కాపీ చేసుకో. నిమ్మకాయ పచ్చడి కూడా పంపిస్తున్నాను. రెండూ ఒకే సంచీలో పెట్టమని మీ నాన్న సలహా, నేను ఒప్పుకోలేదు. పొద్దున్నే సికింద్రాబాదులో దిగుతాడు, బండి దొరుకుతుందిలే అని పడుకోకు, వెళ్ళు. తల దువ్వుకుని వెళ్ళు, బాబాయి ఇంటికొచ్చి అన్నీ చెబుతాడు.

అమ్మ