మా పెద్దసారుకు, పీఎఫ్ అక్కకు కృతజ్ఞతలు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పదకొండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. వడ్ల లారీలు, కాటా చీటీలు, హమాలీ కూలి, ఇంతే నా పని. మొన్న వానాకాలం వడ్లు రాకముందు సేటు పిలిచి, "ఇగ మనుషులను పెట్టుకునుడు, తీసేసుడు నువ్వే చూస్కో" అన్నారు.

మొదట బాయిలర్ దగ్గరికి మనిషి కావాల్సి వచ్చింది. తెలిసినవాళ్ల అబ్బాయి వచ్చాడు, మాట మర్యాద బాగున్నాయి. రమ్మని చెప్పేవాణ్నే. ఎందుకైనా మంచిదని, రిటైరై ఇంట్లో ఉంటున్న మా పాత మేనేజరు గారికి ఫోన్ చేశాను. మిల్లులో అందరం ఆయన్ను పెద్దసారు అంటాం.

"బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ చూసినవా?" అన్నారు. చూడలేదు. అడిగితే, ఆ అబ్బాయికి లేదు.

తర్వాత వచ్చిన ఇద్దరికీ ఉంది. ఎవరిని తీసుకోవాలో తేలక మళ్లీ ఫోన్ చేశాను. "ఆఫీసుల కూసోబెట్టి ఏం అడుగుతవ్‌రా? బాయిలర్ కాడికి తీస్కపో. వాని కండ్లు ముందుగాల యాడికి పోతయో చూడు" అన్నారు. మొదటాయన షెడ్డంతా కలియజూసి జీతం సంగతి అడిగాడు. రెండో ఆయన, యాభైకి దగ్గర పడ్డ మనిషి, నాతో మాట్లాడుతూనే గేజ్ గ్లాసు దగ్గరికి పోయాడు. నీళ్ల మట్టం చూపించే ఆ అద్దం మసకబారి ఉంటే భుజం మీది తువ్వాలతో తుడిచి, వంగి చూశాడు. ఇప్పుడు మా బాయిలర్ ఆయన చేతిలోనే ఉంది.

తీసేసే పనికే నా ప్రాణం పోయింది. రెండు కాటాల్లో ఒకటి మూసేశాం, ఇద్దరు గుమస్తాల్లో ఒకరిని పంపాలి. పెద్దాయన చెయ్యి నెమ్మది కాబట్టి ఆయన్ను పంపుదామనుకున్నాను. నిజం చెప్పాలంటే రెండోవాడు రోజూ నాతో అన్నం తినే తమ్ముడు, అది కూడా ఉంది. పెద్దసారు ఊరుకోలేదు. "చివరికొచ్చినోడు ముందుగాల పోవాలె, అది రూలు. కాదంటవా, కారణం కాగితం మీద రాసియ్యి" అన్నారు. రాయలేకపోయాను. చివరికొచ్చింది తమ్ముడే, వాణ్నే పంపాల్సి వచ్చింది.

ఫోన్‌లో చెప్పేద్దామనుకున్నందుకు వేరే తిట్లు పడ్డాయి. పైసలు చేతిలో పెట్టుకుని, పొద్దున్నే, ఎదురుగా కూర్చుని చెప్పమన్నారు. తన పాత డైరీ కూడా ఇచ్చి పంపారు, సెటిల్‌మెంట్ కాగితం ఎలా రాయాలో చూసుకొమ్మని.

లెక్క చేసిపెట్టింది మా పీఎఫ్ పనులు చూసే అక్క. నోటీసు కింద నెల జీతం, ఏడాదికి 15 రోజుల చొప్పున మూడేళ్లకు పరిహారం, కలిపి రెండున్నర నెలల జీతం. ఆ నెల పనిచేసిన రోజులవి వేరే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త వేతన కోడ్ ప్రకారం, మనిషిని తీసేస్తే బాకీ జీతం రెండు పనిరోజుల్లో ఇచ్చేయాలని కూడా అక్కే చెప్పింది. పీఎఫ్‌లో మానేసిన తేదీ మనం ఎక్కించకపోతే ఆ పిల్లవాడు తన డబ్బు కోసం ఎన్ని తిప్పలు పడాలో చెప్పి, సాయంత్రంలోగా తేదీ ఎక్కించేదాకా నన్ను వదల్లేదు.

తమ్ముడు కాగితం మొత్తం చదివి సంతకం పెట్టాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అన్నా, కాటా రూంల నా టిఫిన్ డబ్బా ఉంది, తెచ్చుకోవచ్చా?" అన్నాడు. ఆ మధ్యాహ్నం నాకు ముద్ద దిగలేదు.

ఇప్పుడు వాడు వేములపల్లి వైపు ఇంకో మిల్లులో చేస్తున్నాడు. ఆ మిల్లుకు ఫోన్ చేసి చెప్పింది పెద్దసారేనట. ఆ సంగతి ఆయన నాతో అననేలేదు, మొన్న బస్టాండులో కలిసినప్పుడు తమ్ముడే చెప్పాడు.

అక్కా, ఫీజు తీసుకోనన్నావు కదా, ఈసారి యాసంగి సన్నబియ్యం బస్తా ఇంటికి పంపుతాను, వద్దనకు.

పెద్దసారూ, డైరీ ఇంకా నా దగ్గరే ఉంది. ఆదివారం తెస్తాను. నాలుగు పేజీలు జిరాక్స్ తీసుకున్నాను, ఏమనుకోకండి.