నాలుగో మాట గురించి ప్రసాదుకి

ఒరేయ్ ప్రసాదూ,

వందనాలురా. నువ్వు పంపిన వీడియో చూశాను. ఆదికాండం మొదటి వచనంలో ఆలెఫ్, తావ్ అనే రెండక్షరాల మాట ఉందనీ, అవి హీబ్రూ వర్ణమాలకు మొదలూ చివరా కాబట్టి ఆ మాట అల్ఫాయు ఓమెగయు అయిన క్రీస్తేననీ అందులోని ప్రసంగీకుడు ఊగిపోతూ చెప్పాడు. వినడానికి బాగానే ఉంది. కానీ ‘ఎత్’ అని పలికే ఆ రెండక్షరాల మాట చేసే పని మన ద్వితీయా విభక్తి పనేరా! “భూమ్యాకాశములను సృజించెను” అంటాం చూడు, ఆ ‘ను’. హవ్వ కయీనును కన్నదనే చోట కయీను పేరు ముందూ అదే ఉంది. మరి అక్కడ ఆయనేం చెబుతాడో!

హీబ్రూలో క్రీస్తును వెతకొద్దని కాదు. గుడ్ ఫ్రైడేకి సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాలుగోది, “నన్నెందుకు చెయ్యి విడిచితివి” అనేది, నీకు ప్రసంగానికి ఇచ్చారన్నావుగా, ఆ మాట ఉన్న 22వ కీర్తనకే వద్దాం. 16వ వచనం మన బైబిల్లో “వారు నా చేతులను నా పాదములను పొడిచియున్నారు”. యూదులు ప్రామాణికంగా చదివే హీబ్రూ ప్రతి, అంటే మసోరా పాఠంలో, ఆ క్రియ ఉండాల్సిన చోట ‘కాఅరీ’ ఉంటుంది, అంటే ‘సింహంలా’. “సింహంలా నా చేతులు, నా పాదాలు.” ఏం చేసిందో ఉండదు, వాక్యం కుంటుతుంది. సింహం నోట నలిగినట్టు అని యూదు వ్యాఖ్యాత రషీ 11వ శతాబ్దంలో సర్ది చెప్పాడు. క్రీస్తుకు ముందు యూదులే చేసుకున్న గ్రీకు అనువాదంలో మాత్రం ‘తవ్వారు’ అని ఉంది. తేడా అంతా చివరి అక్షరంలోనే. యోద్ అనే అక్షరం తోక కాస్త కిందికి సాగితే వావ్ అనే అక్షరం అయిపోతుంది, ‘కాఅరీ’ ‘కాఅరూ’ అవుతుంది. దాన్నే ‘తవ్వారు’ అని చదువుతారు.

మృత సముద్రం పక్కన నహల్ హెవెర్ లోయలో దొరికిన కీర్తనల చుట్ట ముక్కలో ఉన్నది వావ్! క్రీ.శ. 132–135లో రోము మీద బార్ కొఖ్బా నడిపిన తిరుగుబాటప్పుడు యూదులు తలదాచుకున్న గుహలున్న లోయ అది. అది చూపించి, క్రీస్తు కనబడకూడదని యూదులు అక్షరం మార్చేశారని కొందరు ఎగురుతారు. నువ్వా మాట అనకు. ఆ వావ్‌ను రాసి దాచిందీ యూదులేగా. పైగా అదే వచనంలో ఆ లేఖకుడు ‘నా చేతులు’ అనాల్సింది ‘ఆమె చేతులు’ అని రాసేశాడు. ఆ కాలపు దస్తూరీలో యోద్, వావ్ దాదాపు ఒకేలా ఉంటాయి, చెయ్యి జారడానికి కుట్ర అక్కర్లేదు. ఇంకో చిక్కు, ‘తవ్వు’ అనే క్రియలో మామూలుగా ఆ ఆలెఫ్ కూడా ఉండదు. కాబట్టి వావ్ దొరికినంత మాత్రాన తగువు తీరలేదు.

నాకు విచిత్రం అనిపించేది వేరు. కొత్త నిబంధనలో ఎవరూ ఆ వచనాన్ని ఎత్తి చెప్పలేదు! బట్టల కోసం చీట్లు వేసుకున్నారనే 18వ వచనాన్ని యోహాను ఎత్తాడు, హెబ్రీ పత్రిక అదే కీర్తనలోని 22వ వచనం తీసుకుంది, చేతులు పాదాలు పొడిచారనే ఈ 16వ వచనం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. రెండో శతాబ్దంలో క్రైస్తవ రచయిత జస్టిన్ దాన్ని సాక్ష్యంగా చూపాడు, అదీ గ్రీకు చూసి. సిలువ మీద యేసు అందుకున్నది మొదటి వచనం. “నన్నెందుకు చెయ్యి విడిచితివి” అనే ఆ కేక ఏ పాఠంలో చదివినా చెక్కుచెదరదు. నన్నడిగితే, నీ ప్రసంగం బరువంతా ఆ కేక మీద పెట్టు. అక్కణ్ణుంచి 24వ వచనానికి వెళ్లు. బాధపడేవాడి బాధను దేవుడు తృణీకరించలేదు, అతనికి ముఖం దాచుకోలేదు అంటుంది. విడిచిపెట్టావన్న మాటకు జవాబు ఆ కీర్తనలోనే ఉంది, దానికి ఒక్క అక్షరం కూడా దిద్దనక్కర్లేదు.

నోట్సు రాశాక పంపు, పాస్టరుగారికి చూపించే ముందే. అత్తయ్యకి వందనాలు చెప్పు.

నీ
సుధాకర్