సభ చేజారినా అధ్యక్షుడు ఆగడు

సంపాదకులకు,

అమెరికా సుంకాల కబురు వచ్చినప్పుడల్లా మన నెల్లూరు జిల్లా రొయ్యల చెరువుల గట్ల మీద ఒక మాట వినిపిస్తుంది: "అక్కడ ప్రతిపక్షం సభ గెలిస్తే అధ్యక్షుడి పనైపోయినట్టేగా!" కాదు. లోక్‌సభలో మెజారిటీ పోతే మన ప్రధాని దిగిపోవాలి. అక్కడి అధ్యక్షుడి నాలుగేళ్ల పదవికి సభలో బలంతో పనిలేదు.

వీటో, అంటే సభలు పంపిన బిల్లును తిప్పికొట్టే అధికారం, అతని చేతిలోనే ఉంటుంది. బిల్లు అందాక ఏ సంగతీ తేల్చడానికి ఆదివారాలు పోను 10 రోజుల గడువు. (మన రాష్ట్రపతికి రాజ్యాంగం గడువే పెట్టలేదు, 1986 నాటి పోస్టల్ బిల్లు అప్పటి రాష్ట్రపతి జైల్‌సింగ్ దగ్గరే ఆగిపోయింది.) వీటోను దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అందరూ ఓటేస్తే దిగువ సభలో 435కి 290, ఎగువ సభ సెనేట్‌లో 100కి 67.

2019 సంగతే చూడండి. మెక్సికో సరిహద్దు గోడ పేచీతో కొన్ని ప్రభుత్వ శాఖలు 35 రోజులు మూతపడ్డా, కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ట్రంప్ అడిగినంత సొమ్ము ఇవ్వలేదు. ఆయన ఫిబ్రవరి 15న ఎమర్జెన్సీ ప్రకటించి వేరే పద్దుల డబ్బు మళ్లించారు. ఉభయ సభలూ రద్దు తీర్మానం చేస్తే వీటో చేశారు. దిగువ సభలో 248-181 వచ్చినా చాల్లేదు.

అసలు చిక్కు ఖజానాది. అక్టోబర్ 1కి ఏడాది పద్దు గానీ తాత్కాలిక పద్దు గానీ కుదరకపోతే చాలా ఆఫీసులకు తాళాలే. సెనేట్ ఎదుటివాళ్లదైతే జడ్జీలు, మంత్రుల నియామకాలూ నానుతాయి. ఇక అధ్యక్షుడి సొంత ఉత్తర్వులంటారా, వాటి ఆయుష్షు తక్కువ. ఆ ఎమర్జెన్సీని బైడెన్ 2021 జనవరి 20న, కుర్చీ ఎక్కిన రోజే ఎత్తేశారు.

- ఒక పాఠకుడు, కావలి