స్లోలో ఆగిపోయే బండి: ఈసారి తప్పు నాదే

పర్లాకిమిడిలో మా షెడ్డుకి వచ్చే కస్టమర్లందరికీ నమస్కారం.

పోయిన నెలలో ఒక మాస్టారి కారు మూడుసార్లు షెడ్డుకి వచ్చి వెళ్లింది. మీలో కొంతమంది చూసి, "ఇంకా తేల్లేదా?" అని అడిగారు కూడా. తేలింది. అది తేలేలోపు నేను చేసిన నిర్వాకం కూడా చెప్పేస్తాను. అందులో మీ డబ్బుకి సంబంధించిన సంగతి కూడా ఉంది.

2006 మోడల్ పెట్రోల్ బండి. కంపెనీ పేరెందుకులెండి, ఆ వయసు బళ్ల జబ్బులన్నీ ఇంచుమించు ఒకటే. రోడ్డు మీద పికప్‌కి లోటు లేదు. బజారులో ఎక్కడైనా ఆగితే మాత్రం ఇంజన్ వణికి, ఒక్కోసారి ఆగిపోతుంది. షెడ్డులో స్టార్ట్ చేస్తే, యాక్సిలరేటర్ తొక్కకపోయినా నిమిషానికి 800 చుట్ల దగ్గర చక్కగా స్లో తిరుగుతుంది. స్కానర్‌లో లోపం చూపించే కోడ్ ఒక్కటీ లేదు.

మొదటిసారి ఇంజన్‌కి గాలి వెళ్లే దారిలో ఉండే థ్రాటిల్ బాడీలో మసి కడిగి పంపాను. రెండోసారి ప్లగ్గులు మార్చాను. మూడోసారి, స్లోలో ఇంజన్‌కి గాలి అందించే ఐడిల్ వాల్వే పోయిందని తీర్మానించి, శ్రీకాకుళం నుంచి 3,400 పెట్టి కొత్తది తెప్పించి బిగించాను. పాతదాన్ని పరీక్ష చేశానా అంటే, లేదు. "ఈ కంప్లైంటుకి మామూలుగా అదే" అన్న ధీమా. బిగించాక మాస్టారు బండి ఎక్కి, గేటు దాటకుండానే దిగిపోయారు.

ఆ సాయంత్రం మా కుర్రాడు డ్రైవర్ సీటు కింద మ్యాట్ సర్దుతున్నాడు. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. వాడి మోచెయ్యి బ్రేక్ పెడల్ మీద పడింది. లోపల ఎక్కడో "సుయ్" మంది, బానెట్ దగ్గరున్న నా కళ్ల ముందే ఇంజన్ కుంగిపోయింది. చెయ్యి తీశాడు, లేచింది. మళ్లీ నొక్కమన్నాను, మళ్లీ కుంగింది. ఇంజన్ పీల్పు (వాక్యూమ్) బలంతో బ్రేక్ తొక్కుడు తేలిక చేసే డబ్బా ఉంటుంది, బ్రేక్ బూస్టర్ అంటాం. దానికి వెళ్లే వాక్యూమ్ పైపుకి గుడ్డ చుట్టి ప్లయర్‌తో నొక్కి పట్టాను. ఇప్పుడు పెడల్ ఎంత తొక్కినా ఇంజన్ కదల్లేదు.

బూస్టర్ లోపల రబ్బరు పొర చిరిగింది. బ్రేక్ మీద కాలు లేనప్పుడు పొరకి రెండువైపులా వాక్యూమే, చిరుగున్నా తెలియదు. తొక్కితే ఒకవైపు బయటి గాలి వస్తుంది, చిరుగులోంచి దూరి నేరుగా ఇంజన్‌లోకి పోతుంది. ఆ గాలి, గాలి కొలిచే సెన్సార్ మీదుగా రాదు కాబట్టి కంప్యూటర్‌కి లెక్క తెలియదు, దానికి తగ్గ పెట్రోల్ ఇవ్వదు. స్పీడులో ఇంజన్ ఎలాగూ చాలా గాలి పీలుస్తుంది, ఈ కాస్త దొంగగాలి లెక్కలోకి రాదు. షెడ్డులో నాకెందుకు దొరకలేదంటారా? నేను బానెట్ దగ్గర నిలబడతాను. బ్రేక్ మీద ఎవరి కాలూ ఉండదు.

అసలు సిగ్గుచేటు వేరే ఉంది. మాస్టారు మొదటిరోజే, "బ్రేక్ మీద కాలేస్తే గజగజలాడిపోతంది బావు" అన్నారు. నేను దాన్ని "బండి ఆపితే" అని విన్నాను.

కొత్త బూస్టర్ విశాఖ నుంచి రావడానికి నాలుగు రోజులు పట్టింది. పాత ఇనప సామాన్లలో సగం ధరకి దొరుకుతుంది కానీ, ఉదయగిరి ఘాట్ దిగే బండికి ఎవరో వాడి పారేసిన బూస్టర్ నేను పెట్టను. వాల్వ్ డబ్బులు, దాని కూలి మాస్టారికి తిరిగి ఇచ్చేశాను. పాత వాల్వే మళ్లీ పెట్టాను, బాగానే పనిచేస్తోంది. కొత్తది షాపువాడు వెనక్కి తీసుకోడు, బల్ల మీద నన్నే చూస్తూ ఉంది.

ఇకమీదట స్లో కంప్లైంటుతో వస్తే ముందు మీ పక్కన కూర్చుని ఒక రౌండ్ వస్తాను, బండి మీరే నడపాలి. ఇంజన్ పీల్పు కొలిచే వాక్యూమ్ గేజ్ కూడా కొన్నాను. చూసినందుకు 300 తీసుకుంటాను, పరీక్ష చేయకుండా సామాను మార్చను. ఇంట్లో మీరూ ఒకటి చూసుకోవచ్చు: ఇంజన్ ఆపి బ్రేక్ నాలుగైదుసార్లు తొక్కి, పెడల్ నొక్కిపెట్టే స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకుండా రాయిలా ఉంటే బండి బయటకి తీయకండి, ఫోన్ చేయండి, నేనే వస్తాను.

పోయిన ఏడాది ఇదే కంప్లైంటుకి ఇంకో రెండు బళ్లకి వాల్వ్ మార్చాను. పాతపట్నం బండి పిలిపించి చూశాను, దానికి అప్పుడు నిజంగానే పాత వాల్వ్ పోయింది. కాశీనగర్ వైపు తెల్ల కారు ఇంకా రాలేదు, నంబరు నా దగ్గర లేదు. అది మీదే అయితే తీసుకురండి, డబ్బులేమీ వద్దు. రాత్రే వదిలేసి వెళ్లండి, చల్లటి ఇంజన్ మీద కూడా చూడాలి.